మైలపడితేనే మన్నిక

శుద్ధతను పూజించే సమాజంలో మైల తరఫున వకాల్తా పుచ్చుకోవడం సాహసమే అయినా, నా కింది దవడలోని ఒక పంటికి జరిగిన అన్యాయం దృష్ట్యా ఈ వ్యాసం రాయక తప్పడం లేదు. రూట్ కెనాల్ చేయించుకున్నవారికి తర్వాతి మజిలీ క్యాపు. అందులో మధ్యతరగతి జేబుకు తగినదిగా పేరుపొందినది మెటల్ సిరామిక్ క్యాపు: లోపల సుమారు అర మిల్లీమీటరు మందాన లోహపు తొడుగు, దాని మీద కొలిమిలో కాల్చి పట్టించిన పింగాణీ. పైన పటారం, లోన లోహం. నమిలే భారం మోసేది లోహమైతే, నవ్వినప్పుడు పేరు కొట్టేసేది పింగాణీ. ఈ పని విభజన ఆఫీసుల్లో పనిచేసిన వారెవరికీ కొత్త కాదు.

ఈ రెంటినీ కలిపి ఉంచేది జిగురు కాదు, లోహం మీద ఏర్పడే పలుచని ఆక్సైడు పొర. వేడికి మెత్తబడిన పింగాణీ ఆ పొరలో కొంత తనలో కరిగించుకుని, దాని ద్వారానే లోహంతో ముడిపడుతుంది. దీనిని తుప్పు అందామంటే ఆ మాట ఇనుముకే చెల్లుతుందని రసాయనశాస్త్ర అధ్యాపకులు ఆక్షేపిస్తారు కనుక, గౌరవంగా మైల అందాం. ఏ మైలా లేని లోహానికి పింగాణీ సరిగా అంటుకోదు.

ఈ నియమం వల్ల ఘోరంగా అవమానం పాలైనది బంగారం. గాలికీ నీటికీ నిప్పుకూ చలించని దాని సుగుణమే ఇక్కడ అనర్హత అయింది. అందుకే పింగాణీ కోసం తయారుచేసే బంగారు మిశ్రమంలో తగరం, ఇండియం, ఇనుము వంటివాటిని కొద్ది పాళ్లలో కలుపుతారు. కొలిమి వేడికి అవి పైకి చేరి, ఆక్సైడు కట్టి, మేలిమికి లేని యోగ్యతను దానికి సంపాదించిపెడతాయి. బంగారు పళ్లేనికైనా గోడ చేర్పు కావాలన్న పెద్దలు, ఆ గోడ తగరంతో కట్టినదై ఉంటుందని మాత్రం చెప్పలేదు. వెండి సంగతి వేరు: అది మోతాదు మించితే పింగాణీకే పచ్చదనం అంటగడుతుంది.

1971లో అమెరికా డాలరుకు బంగారంతో ఉన్న లంకెను తెంచేశాక పసిడి ధర ఎగబాకి, నికెల్-క్రోమియం వంటి చవక మిశ్రమాలకు గిరాకీ పెరిగింది. వీటికి మైల కొరత లేదు. అడగకుండానే, అతిగా కట్టేస్తాయి. మందమెక్కిన ఆక్సైడు తానే చిట్లి, పింగాణీని వెంటబెట్టుకుని ఊడివస్తుంది. దానిని అదుపు చేయడానికీ, పోత సులువు కావడానికీ కొన్ని మిశ్రమాలలో బెరీలియం కలిపారు. ఆ లోహాన్ని అరగదీసేటప్పుడు లేచే ధూళి ల్యాబు పనివాళ్ల ఊపిరితిత్తులకు మానని జబ్బు తెచ్చిపెట్టింది. రోగి పంటి మీద మైల ఎంత ఉండాలో అంత నిక్కచ్చిగా తేల్చినవారికి, పనివాడి ఛాతీలోకి ఎంత పోతోందో చూసే తీరిక ఆలస్యంగా చిక్కిందంటే తప్పుపట్టకూడదు. పన్ను బయటికి కనబడుతుంది కదా.

వ్యాకోచం మరో తగవు. మామూలు పింగాణీ వేడికి సాగేది ఈ లోహాలతో పోలిస్తే చాలా తక్కువ కనుక, చల్లారేటప్పుడు రెంటికీ పొత్తు కుదరక పింగాణీ పగిలేది. బాగా వ్యాకోచించే లూసైట్ స్ఫటికాలను చేర్చి దానిని లోహం దారికి తెచ్చే పద్ధతికి 1962లో అమెరికాలో వైన్‌స్టైన్ బృందం పేటెంట్లు పొందింది. అయితే రెంటినీ సరిసమానం చేయకుండా, లోహం ఒక్కో డిగ్రీకి పది లక్షల్లో అర వంతు ఎక్కువగా కుంచించుకునేలా చూస్తారు. నొక్కితే ఓర్చుకుని, లాగితే పగిలే స్వభావం పింగాణీది. కొద్దిపాటి అణచివేతలో ఉంటేనే అది నిబ్బరంగా ఉంటుంది. సమానత్వవాదులు ఈ విషయాన్ని నోటి వరకే పరిమితం చేసుకోవలసిందిగా మనవి.

ఇంత శ్రమపడి సంపాదించిన మైలను ఎవరికీ కనబడకుండా కప్పడానికి 'ఒపేక్' అనే ప్రత్యేక పొర ఉంది. చిగురు కాస్త వెనక్కి తగ్గితే మాత్రం అంచున బూడిదరంగు గీత తొంగిచూస్తుంది.

ఇక నా పన్ను. సంక్రాంతి నాడు ఒక సకినం కొరకగానే పింగాణీ పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. "ఏం కొరికారండీ?" అన్నది డాక్టరుగారి మొదటి ప్రశ్న. వారంటీ కార్డు ప్రకారం గట్టి పదార్థాలు కొరికితే పూచీ లేదు. సకినం గట్టి పదార్థమా, పిండివంటా అన్నదాని మీద మా మధ్య సుదీర్ఘమైన, మర్యాదపూర్వకమైన చర్చ జరిగింది. పగులు పింగాణీలోంచే పోయి లోహం మీద కొంత పింగాణీ మిగిలితే బంధం గట్టిదేనని, లోహం బోసిగా బయటపడితే బంధమే కుదరలేదని ఈ విద్యలో ఒక గుర్తు ఉంది. ఆ మాట నేను ఎత్తగానే డాక్టరుగారు ఫోను మోగిందంటూ పక్క గదిలోకి వెళ్లారు. నేను కుర్చీలోంచి లేచి అద్దం ముందు నోరు తెరిచాను. లోహం తళతళలాడుతోంది; వెదికి చూసినా దాని మీద రవ్వంత మచ్చ లేదు.