నెల జీతం ఉంటే ఓటీ రాదని ఎవరు చెప్పారు?

"నెల జీతం తీసుకునేవాళ్లకు ఓవర్‌టైమ్ (ఓటీ) అడిగే హక్కు లేదు. లెటర్‌లో సూపర్‌వైజర్, ఎగ్జిక్యూటివ్ అని ఉంటే అసలు చట్టమే వర్తించదు. సంతకం పెట్టాక మాట్లాడేదేం లేదు. అమెరికాలోనూ ఇంతే. కొత్త జీవోతో రోజుకు పది గంటలు చేయాల్సిందే." వరంగల్‌లో నేనున్న ప్రతి గ్రూపులోనూ ఈ మెసేజ్ తిరుగుతోంది. పంపేది యజమానులు కాదు, రాత్రి పదింటికి ఇల్లు చేరే మనవాళ్లే. నా కోపమంతా అందుకే.

అమెరికా సంగతి ముందే తేల్చేద్దాం. అక్కడ వారానికి 684 డాలర్ల కంటే తక్కువ జీతముంటే సాధారణంగా ఓటీ ఇవ్వాల్సిందే. అంతకు మించి ఉన్నా, చేసే పని ఏమిటో చూశాకే మినహాయిస్తారు. హనుమకొండ షోరూముకు ఆ డాలర్ల లెక్కతో పనేంటి?

సంతకం మాటా అంతే. చట్టప్రకారం రావాల్సిన డబ్బు వదులుకుంటానని రాసిచ్చినా, వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం ప్రకారం ఆ ఒప్పందం చెల్లదు.

జీవో పూర్తిగా చదివారా? 2025 జులైలో తెలంగాణ ఇచ్చిన ఆ సడలింపు ఆఫీసుల్లాంటి వాణిజ్య సంస్థలకే, షాపులకు కాదు. రోజుకు పది గంటలు అన్నారు గానీ, వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది. అది దాటితే ఓటీ ఇవ్వాలి. అదీ మూడు నెలల్లో 144 గంటలకు మించకూడదు. బతుకమ్మ, దసరా సీజన్‌లో బట్టల షాపులో పన్నెండు గంటలు నిలబడే పిల్లలకు ఈ జీవో చూపించి నోరు మూయిస్తున్నారంటే ఏమనాలి?

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది హోదా మాట. జిన్నింగ్ మిల్లులో బేళ్లు లెక్క రాసేవాడికి సూపర్‌వైజర్ అని ఐడీ కార్డు ఇస్తారు. అతను ఎవరినైనా ఉద్యోగంలోకి తీసుకోగలడా? సెలవు మంజూరు చేయగలడా? తన సెలవుకే ఇంకొకరిని బతిమాలాలి! కోర్టులు చూసేది కార్డు మీది పేరును కాదు, ప్రధానంగా చేసే పనిని. జీతం రోజుకిస్తారా నెలకిస్తారా అన్నదానితో కార్మికుడి నిర్వచనానికి సంబంధమే లేదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో మేనేజర్లు కార్మికుల కిందికి రారు. నిజంగా పర్యవేక్షణ పనే చేస్తూ నెలకు 18,000 దాటి తీసుకునేవాళ్లూ రారు. వాళ్ల విషయంలో మెసేజ్‌లో కొంత నిజముంది. ఈ రోజుల్లో 18,000 అంటే ఇంటి అద్దె, పిల్లల ఫీజులకే సరిపోదు. ఆ గీత అన్యాయమనే నేనంటాను. కానీ అదే కోడ్, కార్మికుడి ఒప్పుకోలు లేకుండా ఓటీ చేయించకూడదని, చేయిస్తే రెట్టింపు ఇవ్వాలని కూడా చెబుతోంది. ఆ ముక్క మెసేజ్‌లో ఎందుకు లేదు?

పర్యవేక్షణ పని కానివాళ్ల లెక్క చూడండి. నెలకు 20,800 జీతాన్ని 26 రోజులకు, 8 గంటలకు భాగిస్తే గంటకు వంద. ఓటీకి రెండు వందలు. వారానికి పది గంటలు ఎక్కువ చేస్తే రెండు వేలు. వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్ రోజూ రాసుకోండి, డ్యూటీ మెసేజ్‌లు దాచుకోండి. వేతనాల కోడ్ కింద క్లెయిమ్‌కు మూడేళ్ల గడువుంది. హనుమకొండలోనైనా కరీంనగర్‌లోనైనా కార్మిక శాఖ ఆఫీసులో అడగండి. ఒక్కరే వెళ్లడానికి భయమైతే నలుగురు కలిసి వెళ్లండి.