గది ఉష్ణోగ్రత గారికి, రోహిణి కార్తె నుంచి

మహారాజశ్రీ గది ఉష్ణోగ్రత గారి సముఖమునకు,

శ్రీకాకుళం నుంచి ఒక పరిశోధక విద్యార్థి నమస్కరించి వ్రాయు విన్నపములు. నిన్న మధ్యాహ్నం కరెంటు పోయిన మూడు గంటల్లో, నా కొలతలన్నిటికీ ఆధారమైన అడ్రినలిన్ ద్రావణం తమరి దయవల్ల ఆక్సీకరణం చెంది, పెళ్లివారి షర్బత్తులా గులాబి రంగుకు తిరిగింది. అందుకే ఈ లేఖ.

తెల్లవారకముందే కబేళా దగ్గర నిలబడి తెచ్చుకున్న మేక అధివృక్క (అడ్రినల్) గ్రంథులను కోసి, లోపలి దవ్వ (మధ్యభాగపు) ముక్కలను లవణ ద్రావణంలో ఉంచి, పొటాషియంతో ప్రేరేపించి, అవి విడిచే అడ్రినలిన్‌ను కొలవడం నా పని. పద్ధతి రాసిన పుణ్యాత్ములు "గది ఉష్ణోగ్రత వద్ద" అని ఊరుకున్నారు. ఎవరి గది? వారి గదిలో తమరు 22 డిగ్రీల దగ్గర పెద్దమనిషిలా కూర్చుంటారు. మా గదిలో ఉదయం ఏడింటికి 29, మధ్యాహ్నం రెండింటికి 38. రెండు పూటలా తమరి పేరు మాత్రం ఒకటే.

తేడా చిన్నదైతే సర్దుకుపోయేవాడినే. కణపు పొరలో కాల్షియం వంటి అయాన్లు దాటే ప్రోటీన్ ద్వారమే చానెల్; తెరిచి ఉన్న చానెల్ గుండా అయాన్లు సాగిపోవడం నీటిలో వ్యాపనం వంటిదే గనుక, పది డిగ్రీల వేడికి ఆ ప్రవాహం ఒకటిన్నర రెట్లకు మించి పెరగదు. కానీ చానెల్ తలుపు తెరుచుకోవడమంటే ప్రోటీన్ తన ఆకారాన్నే మార్చుకోవడం గనుక, ఆ వేగం చాలా చానెళ్లలో పది డిగ్రీలకు మూడు రెట్ల దాకా పెరుగుతుంది. ఆ లెక్కన 25 నుంచి 37కు చేరేసరికి దాదాపు నాలుగు రెట్లు. పైగా త్వరగా తెరుచుకున్న తలుపు త్వరగానే మూసుకుంటుంది కూడా; కాబట్టి లోపలికి ఎంత కాల్షియం చేరింది, దానివల్ల ఎన్ని అడ్రినలిన్ సంచులు కణపు పొరతో కలిసి బయటికి ఒలికాయి అన్నది కేవలం గుణకారంతో తేల్చే వీలు లేదు. 1952లో స్క్విడ్ అనే సముద్రజీవి నాడికి సమీకరణాలు రాసిన హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు 6.3 డిగ్రీలని దశాంశంతో సహా చెప్పారు. తరువాతివారికి ఒక అంకె వేయడానికి చేతులు రాలేదా?

జనరేటరుకు డీజిలు లేదు, ఐసు పెట్టె నాకంటే ముందే చెమటలు కక్కింది, ఏసీ దస్త్రం ఏ బల్ల మీద నిద్రపోతోందో తెలియదు. వాటిని క్షమించాను. నిన్ను క్షమించలేను. అంకె చెప్పలేని నువ్వు కొలతవు ఎలా అయ్యావు? నీ పేరు చాటున ఎందరు థర్మామీటరు చూడకుండా తప్పించుకున్నారు?

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. మేక ఒంటి వేడి దాదాపు 39 డిగ్రీలు. ఆ కణాలకు 22 డిగ్రీల చల్లని గది పరదేశమైతే, నిన్నటి మా ఉక్కపోత గదే పుట్టిల్లు. అడ్రినలిన్ ద్రావణం ఒక్కటీ నిలిచి ఉంటే తమరికి పాదాభివందనం చేసేవాడిని.

రికార్డు పుస్తకంలో తమరి నామధేయాన్ని ఎర్ర సిరాతో కొట్టివేసి, పక్కన 38 అని వేశాను. రేపు కబేళాకు మళ్లీ నాలుగింటికే వెళ్లాలి.

ఇట్లు,
చెమటతో కాగితం తడుపుతున్న తమ విధేయుడు