మీడియేటర్ తీర్పు చెప్పడు

మన భాషలో ఒక చిక్కుంది. ఆర్బిట్రేటర్‌నీ మధ్యవర్తి అంటాం, మీడియేటర్‌నీ మధ్యవర్తే అంటాం. మొదటాయన తీర్పు చెబుతాడు, రెండో ఆయన చెప్పడు. తీర్పు చెప్పనివాడు దేనికి అనుకునే నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

పలాసలో మా మేనమామ కొడుకు జీడిపప్పు కార్ఖానాలో వాటాగా 18 లక్షలు పెట్టాను. కాగితం రాసుకున్నాం. తగవొస్తే ఏం చేయాలో మాత్రం రాయలేదు, బావతో తగవేంటని. రెండో ఏడాదే వచ్చింది. 80 కిలోల పిక్కల (పెంకుతో ఉన్న జీడిగింజల) బస్తాకి 22 కిలోల పప్పు చూపించేవాడు, 18కి దించేశాడు. ఆఫ్రికా పిక్క, తేమ ఎక్కువన్నాడు. నేను నమ్మలేదు. "అమెరికాలో కూర్చుని ఇక్కడి బస్తాలు తూస్తావేంటి బావా" అన్నాడు.

పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాం. అరగంటలో "నష్టం చెరిసగం" అని తేల్చేశారు. లెక్కల పుస్తకం ఎవరూ తెరవలేదు. వాళ్లకి ఊళ్లో గొడవ లేకపోతే చాలు, అది తప్పని కూడా అనను. కానీ అంతమంది ముందు బావ నోరు విప్పలేడు. విప్పితే మర్నాడు పిక్కలు అప్పిచ్చే షావుకారు మొహం చాటేస్తాడు.

కోర్టుకే పోదామనుకుంటే లాయరు ఆపాడు. 3 లక్షలూ ఆపైన వ్యాపార తగాదాలో అర్జెంటు ఉత్తర్వు అవసరమైతే తప్ప, ముందు మీడియేషన్‌కి వెళ్లాకే కమర్షియల్ కోర్టుకి. 2018లో కమర్షియల్ కోర్టుల చట్టంలో చేర్చిన ఈ నిబంధన తప్పనిసరని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు, 3 నెలల గడువు, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో 2. మా తగవుకి ఫీజు 30 వేలు, చెరిసగం. నేను తీర్పు కోసం ఊరెళ్లి రావడానికి పెట్టిన విమానం ఖర్చు అంతకు ఎన్నో రెట్లు.

మీడియేటర్ మా ఇద్దరితో విడివిడిగా మాట్లాడారు. ఒకరు చెప్పింది రెండోవారికి చేరవేయలేదు. బావ ఏం చెప్పాడో తర్వాతెప్పుడో ఒక పెళ్లిలో తనే చెప్పాడు: ఒక లోడు పిక్క బూజు పట్టిపోతే అప్పు చేసి పూడ్చాడట. "పెద్దల ముందు ఎలా చెప్పను బావా."

ఎదుటివాడు రాకపోతే ఇది మొదలవదు, మోసానికే దిగినవాడి దగ్గర పనికిరాదు. అప్పుడు కోర్టే గతి. కుదిరిన ఒప్పందానికి మాత్రం ఆర్బిట్రేటర్ చెప్పే తీర్పుకున్నంత బలం ఉంటుంది, మాట తప్పితే నేరుగా అమలుకి వెళ్లొచ్చు. ఊళ్లో వ్యాపారానికి డబ్బు పంపే మనవాళ్లు కాగితంలో ఒక్క వాక్యం రాయించండి: తగవొస్తే ముందు మీడియేషన్, వీడియోలో అయినా సమ్మతమే అని. ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆన్‌లైన్లో కూర్చోవచ్చని 2023 మీడియేషన్ చట్టంలో రాశారు.

మా మీడియేషన్లో ఒప్పందం కుదిరింది. నేను పెట్టిన అసలు సొమ్ము బావ రెండు సీజన్లలో ఇవ్వాలని రాసుకున్నాం. ఒక సీజన్‌ది ముట్టింది. వడ్డీ వదులుకున్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.