గుల్ల కన్నా అది దొరికిన చోటు ముఖ్యం

యుద్ధభూమిలో కనిపించిన తూటా గుల్లను, అంటే తూటా పేలాక మిగిలే ఇత్తడి తొడుగును, తీసి జేబులో వేసుకోవడానికి క్షణం పట్టదు. కానీ ఎక్కడ, ఎంత లోతున, వేటి పక్కన పడి ఉందో రాసుకోకుండా తీస్తే దాని పుట్టుపూర్వోత్తరాలు అక్కడితో తెగిపోతాయి. ఆ తర్వాత ఎన్ని ధ్రువపత్రాలు జతచేసినా ఆ లోటు పూడదు.

1876లో అమెరికా సైన్యాధికారి కస్టర్ దళం హతమైన లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమినే చూడండి. 1983లో అక్కడ గడ్డి తగలబడి నేల తేటపడింది. మరుసటి ఏడాది నుంచి పురావస్తు శాస్త్రవేత్తలు డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ బృందం మెటల్ డిటెక్టర్లతో వరుసగా గాలించింది. డిటెక్టర్ మోగినచోట గుర్తు పాతి, స్థానం కొలిచి నమోదు చేసింది. తూటాను పేల్చడానికి దాని అడుగును కొట్టే ఫైరింగ్ పిన్ వదిలే గుర్తు తుపాకీ తుపాకీకీ వేరు. ఒకే గుర్తున్న గుల్లలు దొరికిన చోట్లను పటం మీద కలిపితే ఆ తుపాకీ ఎటు కదిలిందో తేలింది. ముందే ఎవరో ఏరి డబ్బాలో పోసిన గుల్లలతో ఆ పని సాధ్యం కాదు.

అందుకే నేల యజమాని అనుమతి, చట్టం కోరినచోట ప్రభుత్వ అనుమతి ముందుగా ఉండాలి. బ్రిటన్‌లో 1986 నాటి చట్టం ప్రకారం కూలిన సైనిక విమానాల శకలాలను లైసెన్సు లేకుండా తవ్వకూడదు. వస్తువును కదపకముందే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. లోతు సెంటీమీటర్లలో రాయాలి. ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూఇటూ చూపుతుంది కనుక కదలని రెండు గుర్తుల నుంచి టేపుతోనూ కొలవాలి. ఒక్కో వస్తువుకు ఒక్కో సంచి, ఒక్కో నంబరు. చీటీ మీద పెన్సిల్‌తోనే రాయాలి, తేమకు సిరా కరిగిపోతుంది. పేలని గుండు కనిపిస్తే మాత్రం ముట్టుకోకుండా దూరం జరిగి అధికారులకు చెప్పాలి. ఎముకలు కనిపించినా అక్కడితో పని ఆపాలి.

ఇత్తడిని తళతళలాడేలా తోమడం మరో ఘోరం. అడుగున అచ్చువేసిన అక్షరాలు, పిన్ గుర్తు అరిగిపోతాయి. తయారైన ఏడాది 1916 అని అచ్చున్న గుల్ల 1914 నాటి పోరులో పేలి ఉండదు, కానీ 1918లో పేలి ఉండవచ్చు. ఇనుముది వేరే బాధ. మట్టిలోని లవణాలు లోపల ఉండిపోయి, గాలి తగిలాక నారింజ రంగు చెమటలా బయటికొస్తాయి, పొరలు రాలతాయి. గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్‌తో పొడిగా ఉంచితే ఆ నష్టం నెమ్మదిస్తుంది. లవణాలు తీసే పని సంరక్షణ నిపుణులకే వదలాలి.

అమ్మకానికి వచ్చే సైనిక పతకాల్లో మోసం అంచు దగ్గర జరుగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ వ్యాసం 36 మిల్లీమీటర్లు, గ్రహీత పేరు అంచు మీదే ఉంటుంది. పాత పేరు అరగదీసి కొత్తది చెక్కితే వ్యాసం తగ్గుతుంది. వ్యాసం కొలిచే పరికరమైన క్యాలిపర్స్‌తో నాలుగు వైపులా కొలిస్తే చాలాసార్లు పట్టుబడుతుంది. 1940లో లండన్ మీద జరిగిన బాంబుదాడిలో మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ సైనికుల సేవా రికార్డులు సగానికి పైగా కాలిపోయాయి. ఆ ఖాళీని అమ్మకందారు చెప్పే కథతో పూరించకూడదు. వేలం సంస్థలు ప్రతి వస్తువుకూ దొరికిన చోటు, తేదీ, చేతులు మారిన వరుస ప్రకటించాలి. తెలియనిచోట ‘తెలియదు’ అని అచ్చువేయాలి.