ఏడో తరగతి దగ్గర ఆగని చదువు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి మొన్న ఆ సందేశం మూడోసారి వచ్చింది. సారాంశం ఇది: కర్నూలు పల్లెలో పుట్టిన పూల ఆంథోని ఏడో తరగతితో చదువు మానేశారు. చదువు లేకపోయినా భక్తితో పాస్టర్ అయ్యారు. ఆయన గురించి విన్న పోప్ నేరుగా కార్డినల్‌ను (పోప్‌ను ఎన్నుకునే, ఆయనకు సలహాలిచ్చే పెద్దల్లో ఒకరిని) చేశారు. భారతదేశానికి ఆయనే తొలి కార్డినల్, ఇప్పుడు వాటికన్ పౌరుడు కూడా. కింద నాలుగు నమస్కారాలు, ఒక గులాబీ పువ్వు.

దురుద్దేశంతో రాసింది కాదు. పొగడ్తే. చిక్కంతా అక్కడే ఉంది. నింద అయితే ఎవరో ఒకరు అడ్డుపడి నిజమా అని అడుగుతారు, పొగడ్తను మాత్రం చదివి పక్కవాళ్లకు పంపేస్తారు. కానీ ఈ పొగడ్త ఆ మనిషి కష్టపడి సంపాదించుకున్నదాన్నే ఆయన దగ్గర నుంచి లాగేసుకుంటోంది.

ముందుగా ఏడో తరగతి మాట. ఇందులో సగం నిజం ఉంది. ఆంథోని 1961 నవంబరు 15న నంద్యాల దగ్గరి చిందుకూరులో పుట్టారు. పేదరికం వల్ల ఏడో తరగతి తర్వాత బడి మానాల్సి వచ్చిందని ఆయనే విలేకరులతో చెప్పారు. మిషనరీలు ఆదుకోవడంతో మళ్లీ చదువుకున్నానని కూడా ఆయనే చెప్పారు. సందేశం రాసినవారు మొదటి మాట ఉంచుకుని రెండో మాట వదిలేశారు.

ఆ రెండో మాట వెనక ఉన్నది చిన్న సంగతి కాదు. నూజివీడులో మైనర్ సెమినరీ (గురువు కావాలనుకునే కుర్రాళ్లకు తొలి శిక్షణ బడి), ఆ తర్వాత బెంగళూరు సెయింట్ పీటర్స్ పొంటిఫికల్ సెమినరీలో తత్వశాస్త్రం, వేదాంతశాస్త్రం. గురుపట్టాభిషేకం, అంటే ఫాదర్ కావడం, 1992 ఫిబ్రవరి 20న, కడప మేత్రాసనానికి (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం). అప్పటికి ఆయన వయసు ముప్పై. కథోలిక శ్రీసభ (చర్చి) చట్టం ప్రకారం గురువు కావాలంటే తత్వశాస్త్రం కనీసం రెండేళ్లు, వేదాంతశాస్త్రం నాలుగేళ్లు చదవాలి. ఈ ఆరేళ్లకు ముందు మైనర్ సెమినరీ, మధ్యలో సాధారణంగా ఒక ఏడాది క్షేత్ర అనుభవం ఉంటాయి. సెమినరీ అనగానే మోకాళ్లమీద ప్రార్థన తప్ప ఇంకేమీ ఉండదనుకునేవారు చాలామంది. తర్కం, పాశ్చాత్య తత్వవేత్తలు, భారతీయ దర్శనాలు, బైబిలు వ్యాఖ్యానం, నీతిశాస్త్రం, శ్రీసభ చరిత్ర, శ్రీసభ చట్టం ఇవన్నీ పాఠాలే, వీటన్నింటికీ పరీక్షలుంటాయి. చిందుకూరు నుంచి వచ్చిన కుర్రవాడు బెంగళూరులో కూర్చుని వీటిని ఇంగ్లిషులో నేర్చుకోవడం ఎంత శ్రమో ఊహించుకోవచ్చు. ఆ శ్రమనంతా 'చదువు లేకపోయినా' అనే ఒక్క ముక్కతో కొట్టిపారేశారు.

చదువు అక్కడితోనూ ఆగలేదు. గురువుగా తొమ్మిదేళ్లు పనిచేశాక 2001లో అమెరికా వెళ్లి, 2003 వరకు చికాగోలో ఉన్నారు. అక్కడి అగ్రపీఠంలో (ఆర్చ్‌బిషప్ కింద ఉండే ప్రాంతం) సేవ చేస్తూనే లయోలా విశ్వవిద్యాలయంలో వేదాంతం చదివారు. నలభై ఏళ్ల వయసులో మళ్లీ తరగతి గదిలో కూర్చున్న మనిషిని చదువు మానేసినవాడని అనడం నాకైతే మింగుడు పడదు.

పాస్టర్ అన్న మాట గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మన ఊళ్లలో పాస్టర్ అంటే ప్రొటెస్టెంట్ సంఘాల కాపరి, పెళ్లి చేసుకుని కుటుంబంతో ఉంటారు. కథోలికుల్లో ఫాదర్ అంటారు, గురువు అంటారు, ఆయన బ్రహ్మచారి. బద్వేలు వంటి చోట్ల ఆంథోని విచారణ (పారిష్) గురువుగా పనిచేశారు.

'పోప్ విన్నారు, నేరుగా చేశారు' అన్నది సినిమా కథ. గురువైన పదహారేళ్లకు, 2008 ఫిబ్రవరి 8న ఆయనను కర్నూలు పీఠాధిపతిగా (బిషప్‌గా) నియమించారు. నియమించినది బెనెడిక్ట్ 16. తర్వాత కార్డినల్ హోదాకు గుర్తైన ఎర్ర టోపీ ఇచ్చిన ఫ్రాన్సిస్ అప్పటికి పోప్ కానేలేదు. ఫ్రాన్సిస్ కాలంలోనే 2020 నవంబరు 19న హైదరాబాద్ అగ్రపీఠాధిపతిగా (ఆర్చ్‌బిషప్‌గా) నియామకం జరిగింది, 2022 ఆగస్టు 27న కార్డినల్ హోదా వచ్చింది. అంటే పీఠాధిపతిగా పద్నాలుగేళ్లు నిండిన తర్వాత.

పీఠాధిపతి నియామకంలో చివరి మాట పోప్‌దే, నిజమే. అయితే ఆ మాటకు ముందు చాలా తతంగం నడుస్తుంది. ఢిల్లీలోని పోప్ రాయబారి ఆ ప్రాంత పీఠాధిపతులను, గురువులను, విశ్వాసులను రహస్యంగా విచారించి, ముగ్గురి పేర్లతో జాబితా పంపిస్తారు. అభ్యర్థికి కనీసం 35 ఏళ్లు నిండాలి, గురువై కనీసం ఐదేళ్లు గడవాలి. బైబిలు, వేదాంతం, శ్రీసభ చట్టం వీటిలో ఒకదానిలో డాక్టరేటో లైసెన్షియేటో (డాక్టరేట్‌కు ముందు మెట్టు) ఉండాలి, లేదా ఆ విషయాల్లో నిజమైన నైపుణ్యమైనా ఉండాలి. చదువు అక్కర్లేదన్న వాదాన్ని ఆ చట్టమే కొట్టేస్తుంది.

వాటికన్ పౌరసత్వం సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. వాటికన్‌లో గానీ రోములో గానీ నివసించే కార్డినళ్లకే అది వర్తిస్తుంది. ఈయన ఉండేది హైదరాబాద్‌లో.

ఇక 'తొలి కార్డినల్' మాట. బొంబాయి అగ్రపీఠాధిపతి వలేరియన్ గ్రేసియస్ 1953లోనే కార్డినల్ అయ్యారు. ఆదివాసీల్లో తొలి కార్డినల్ రాంచీకి చెందిన టెలిస్ఫోర్ టోప్పో, అది 2003లో. ఆంథోనితో పాటు అదే రోజున గోవా అగ్రపీఠాధిపతి ఫిలిప్ నేరీ ఫెర్రావ్ కూడా కార్డినల్ అయ్యారు. మరి ఆంథోని దేనికి తొలి? తెలుగువారిలో తొలి కార్డినల్, దళితుల్లో తొలి కార్డినల్. లేని తొలిస్థానం కట్టబెట్టినవారు ఉన్నదాన్ని మాత్రం ఎత్తనే లేదు. మతం మారితే కులం పోతుందని నమ్మేవారికి ఆ మాట ఇబ్బందిగా ఉంటుందేమో. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని ప్రభుత్వ జాబితా బీసీ-సీ కింద విడిగా రాస్తుంది. చర్చి గేటు దగ్గర కులం ఆగిపోయి ఉంటే ఆ వరుస అవసరమే ఉండేది కాదు.

ఆంథోనికి ముందు ఇదే హైదరాబాద్ పీఠంలో మరంపూడి జోజి కూర్చున్నారు. దేశంలో దళితుల నుంచి వచ్చిన తొలి అగ్రపీఠాధిపతి ఆయన. 2010 ఆగస్టు 27న కన్నుమూశారు. సరిగ్గా పన్నెండేళ్లకు, అదే తేదీన, రోములో ఆంథోని తలమీద ఎర్ర టోపీ పెట్టారు. గులాబీ పువ్వు పెట్టిన ఆ సందేశంలో ఈ సంగతికి మాత్రం చోటు లేదు.