కనబడని కప్పు గారి సముఖానికి

మహారాజశ్రీ మునిసిపల్ ఎయిర్‌పోర్టు మీది కనబడని కప్పు గారికి,

ఉభయకుశలోపరి. మీ కింద మేమంతా క్షేమం. మీరు క్షేమమో కాదో తలెత్తి చూసినా తెలిసే వీల్లేదు కాబట్టి, ఆ ముచ్చట వదిలేసి అసలు సంగతికొస్తాను.

అమెరికాలో ఏ చిన్న ఊరి ఎయిర్‌పోర్టుకెళ్లినా మీరు కొలువై ఉంటారు. కింద నాలుగు బుల్లి సెస్నా విమానాలు, రెండు హ్యాంగర్లు, ల్యాండింగ్ నేర్చుకుంటూ పదే పదే గిరికీలు కొట్టే ఓ కుర్రాడు. పైన మీరు. విమానాల దారికి అడ్డం రాకుండా, కింద కట్టేవేవీ మిమ్మల్ని పొడుచుకుని పైకి లేవకూడదని గీసిన హద్దు మీరు. రూల్ బుక్కులో మిమ్మల్ని 'ఇమాజినరీ సర్ఫేస్', అంటే ఊహాతలం, అనే రాసుకున్నారు. ఊహే అని ఒప్పేసుకుని, ఆ ఊహకి అడుగుల్లో కొలతలు రాశారు చూడండి, అక్కడ నేను మీకు పాదాక్రాంతుణ్ని అయిపోయాను.

ఫెడరల్ నియమాల్లో 14వ టైటిల్, 77వ పార్ట్. మీ జాతకమంతా అక్కడే ఉంది. రన్‌వే పక్కల నుంచి ఏడడుగులకు ఒక అడుగు చొప్పున లేస్తారు. ఎయిర్‌పోర్టు ఎత్తుకు 150 అడుగుల పైన చదునుగా పరుచుకుంటారు, చిన్న రన్‌వే అయితే 5,000 అడుగుల దూరం దాకా, పెద్దదైతే 10,000 దాకా. అక్కడితో తృప్తిపడతారా? అంచు నుంచి మరో 4,000 అడుగులు, ఇరవైకి ఒకటి వాలులో పైకి విప్పారతారు. మొత్తానికి ఊరి మీద పెట్టిన అంచు వెడల్పాటి మూకుడు మీరు. రన్‌వే కొసల్లో మాత్రం విమానం దిగే దారి కోసం ఆ మూకుడికి చెరో పక్క ఓ పొడవాటి వాలు.

మీ ముందుచూపు గురించి వేరే చెప్పాలి. రోడ్డుంటే దాని ఎత్తుకి 15 అడుగులు కలిపి లెక్కేస్తారు, ఇంటర్‌స్టేట్ హైవే అయితే 17, రైలు పట్టాలైతే 23. అర్ధరాత్రి కుక్క కూడా తిరగని రోడ్డయినా సరే, మీ లెక్కలో దాని మీద ఎప్పుడూ ఓ లారీ నిలబడే ఉంటుంది. లేని లారీ లేని కప్పుకి తగులుతుందేమోనని ఉన్న మనుషులు కూర్చుని గుణించుకునే శాస్త్రం ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి, చేరతాను.

నవ్వుతున్నానని కోపగించుకోకండి. మీరెందుకు అవసరమో నాకు తెలుసు. ఇంజన్ మధ్యలో మొరాయించినప్పుడు, మబ్బు కిందికి దిగినప్పుడు, పైలట్‌కి మిగిలేది మీరు కాపాడి ఉంచిన ఆ ఖాళీయే. పైగా మీ వంశ చరిత్రలో కోళ్ల నెత్తురుంది. నార్త్ కరోలినాలో గ్రీన్స్‌బరో దగ్గర మునిసిపల్ ఎయిర్‌పోర్టు పక్కన కాస్బీ అనే ఆయన కోళ్లు పెంచుకునేవాడు. యుద్ధకాలంలో మిలిటరీ విమానాలు ఆయన ఇంటికి 67 అడుగుల పైన, అందరికంటే పొడుగు చెట్టుకి 18 అడుగుల పైన దిగేవి. కోళ్లు బెదిరి గోడలకు కొట్టుకుని చచ్చేవి, మొత్తం నూట యాభై దాకా పోయాయి. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నేల ఉన్నవాడికి ఆకాశం దాకా హక్కన్న పాత సూత్రం ఈ కాలానికి చెల్లదని 1946లో కోర్టు తేల్చింది. తేలుస్తూనే, మరీ ఇంత నెత్తి మీంచి ఎగరడం మాత్రం ఆయన భూమిని లాక్కోవడమే, పరిహారం కట్టాల్సిందే అంది. 1962లో పిట్స్‌బర్గ్ ఎయిర్‌పోర్టు కేసులో ఇంకో మెట్టెక్కి, ఆ కట్టాల్సింది ఎయిర్‌పోర్టు సొంతదారేనంది.

అంటే మునిసిపల్ ఎయిర్‌పోర్టు అయితే మునిసిపాలిటీయే. మిమ్మల్ని కాపాడాల్సిందీ అదే. ఇక్కడే, కప్పు గారూ, మీ మీద జాలి మొదలవుతుంది.

మీ దారికి అడ్డొచ్చేలా ఎవరైనా కట్టాలనుకుంటే కనీసం 45 రోజుల ముందు, విమానయానం చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌ఏఏకి 7460-1 నంబరు ఫారం పంపాలి. వాళ్లు లెక్కలన్నీ వేసి 'ప్రమాదం' అనో 'ప్రమాదం కాదు' అనో ఓ కాగితం పంపుతారు. ఆ తర్వాత? తర్వాత ఏమీ లేదు. కట్టొద్దని ఆపే అధికారం వాళ్లకి లేదు. నేల మీద ఏది ఎంత ఎత్తు కట్టాలో చెప్పేది జోనింగ్, జోనింగ్ ఉన్నది ఊరి చేతిలో. ఎయిర్‌పోర్టు ఆ ఊరిదే. పర్మిట్ ఇచ్చేదీ ఆ ఊరే. కట్టాక ఆస్తిపన్ను వసూలు చేసుకునేదీ ఆ ఊరే. రన్‌వేకి తారు వేయించుకోవడానికి ఫెడరల్ గ్రాంటు తీసుకుంటూ, విమానాల దారికి అడ్డం రానివ్వం, చుట్టుపక్కల నేల తగినట్టే వాడతాం అని సంతకం పెట్టిందీ ఆ ఊరే. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, మీరు ఈశ్వరుడి కంటే కొంచెం కిందే ఉన్నారు, 150 అడుగుల దగ్గర.

శాన్ డియాగోలో మీకు జరిగిన అవమానం మర్చిపోయారా? మాంట్‌గొమరీ ఫీల్డ్ ఆ సిటీ సొంత ఎయిర్‌పోర్టు. దాని పక్కన 180 అడుగుల ఆఫీసు భవనం లేచింది, సిటీ ఇచ్చిన పర్మిట్‌తోనే. 160 దాటితే ప్రమాదమని 2006లో ఎఫ్‌ఏఏ చెప్పింది. ఇరవై అడుగులే కదా అని బిల్డర్ ధీమా. పని ఆపమని సిటీ ఉత్తర్వు ఇచ్చింది, ఆ సిటీయే మళ్లీ వానకి తడవకుండా పై అంతస్తులు మూసుకోవచ్చని వెసులుబాటిచ్చింది. ఏ అంతస్తులు ఉండకూడదో వాటికే గొడుగు పట్టారన్నమాట! సిటీ అటార్నీ కోర్టుకెక్కాడు, పేపర్లు దుమ్మెత్తిపోశాయి, చివరికి 2007లో భవనం నెత్తి కోసి కిందికి దించాల్సొచ్చింది. ఆ కథలో మీరే గెలిచారని మీ అభిమానులు అంటారు. పెద్ద ఊరు, పెద్ద గోల కాబట్టి గెలిచారు. వారానికోసారి పేపరొచ్చే ఊళ్లో అయితే ఆ ఇరవై అడుగులు ఈపాటికి అద్దెకిచ్చేసి ఉండేవాళ్లు.

అలాంటి ఊళ్లల్లో ఏం జరుగుతుందో చెప్తాను. అడ్డొచ్చిన కట్టడం పక్కకి జరగదు. అడ్డొచ్చిన పైన్ చెట్టూ జరగదు. (చెట్లది మరీ అన్యాయం. ఏటేటా పెరుగుతాయి, ఒక్కటైనా ఫారం నింపిన పాపాన పోదు, కొమ్మ నరుకుదామంటే దాని యజమాని తాతగారి జ్ఞాపకమంటాడు.) కాబట్టి జరిగేది రన్‌వేనే. విమానం నేల తాకాల్సిన గీతని కొన్ని వందల అడుగులు లోపలికి గీస్తారు. డిస్‌ప్లేస్డ్ థ్రెషోల్డ్ అని దానికి గౌరవమైన పేరు. వెనక మిగిలిన తారు మీద తెల్ల బాణాలు వేస్తారు, టేకాఫ్‌కి వాడుకోవచ్చు, అక్కడ దిగడం మాత్రం కుదరదు. ఊరికి ఆస్తిపన్ను దక్కుతుంది, బిల్డర్‌కి కిటికీలోంచి విమానాలు కనిపించే ఫ్లాట్లు దక్కుతాయి. పైలట్‌కి పొట్టి రన్‌వే దక్కుతుంది. ఆ కిటికీ చూసి మోజుపడి కొన్నవాళ్లే ఆర్నెల్లకి చప్పుడు భరించలేకపోతున్నామని కౌన్సిల్‌కి అర్జీ పెడతారు, అది ఇంకో ఉత్తరం.

ఇంతకీ నా మనవి. మీరు ఇక ఊహగా ఉండటం మానేయండి. కనీసం కౌన్సిల్ సమావేశం రోజు సాయంత్రమైనా ఆ హాల్లోకి 150 అడుగులు దిగొచ్చి, సభ్యుల నెత్తికి జానెడు ఎత్తులో నిలబడండి. అజెండాలో ఎయిర్‌పోర్టు గ్రాంటుకి చేతులెత్తి, దాని కిందే ఉన్న హైట్ వేరియన్స్‌కీ (ఎత్తు రూలు నుంచి ఇచ్చే మినహాయింపుకీ) అవే చేతులు ఎత్తబోతే, ఈసారి ఆ చేతులకి మీరు తగలాలి.

ఇట్లు,
మీ వాలు కింద రెండంతస్తులతో బుద్ధిగా సర్దుకున్న
ఓ పన్నుదారు

తా.క.: ఈ ఉత్తరం మీకు అందేలా క్రేన్‌తో పైకి పంపుదామనుకున్నాను. తాత్కాలికమైనా సరే, క్రేన్‌కి కూడా 45 రోజుల ముందు 7460-1 పంపాలట. పంపాను. మీకు నేను ప్రమాదమో కాదో తేలాక కలుస్తాను.