48 గంటలు మాట్లాడి ఏమీ చెప్పకపోవడం

మనుషుల మధ్య తగాదాలకు మాటలే మూలమని పెద్దలు ఎప్పుడో తేల్చేశారు గనుక దానిని మళ్ళీ రుజువు చేయనక్కరలేదు. ఉద్దానంలో ఉన్న చుట్టం చెన్నైలో ఉన్న చుట్టానికి ఫోను చేస్తే, కుశలప్రశ్నలతో మొదలైన సంభాషణ పావుగంటలో జీడితోట గట్టు దగ్గరికీ, అరగంటలో తాతగారి వీలునామా దగ్గరికీ చేరుకోవడం మనమంతా ఎరిగినదే. మాట ఉండాలి గాని అందులో విషయం ఉండకూడదు. మనిషిని పలకరించాలి గాని అతని గురించి ఏమీ తెలుసుకోకూడదు. ఇంతటి నాగరికత మానవజాతికి సాధ్యమా అని నిరాశపడేవారు అక్టోబరు చివరి పూర్తి వారాంతంలో, హ్యామ్ రేడియో పోటీ వేళ, శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర మా బావగారింటికి వచ్చి చూడవలసిందిగా మనవి.

బావగారు హ్యామ్, అంటే సొంత రేడియోతో దేశదేశాలవారిని సరదాగా పలకరించే ఔత్సాహికుడు. ఢిల్లీలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం పెట్టే పరీక్ష గట్టెక్కి, లైసెన్సుతోపాటు ‘వీయూ’ అని మొదలయ్యే కాల్‌సైన్, అంటే గాలిలో చెప్పుకొనే గుర్తింపు పేరు, సంపాదించి, తిత్లీ తుపాను దయతలచి వదిలేసిన రెండు కొబ్బరిచెట్ల మధ్య యాంటెన్నాగా 20 మీటర్ల రాగితీగ కట్టుకున్నారు. హ్యామ్‌లు గాలిలో ఏం మాట్లాడుకోవచ్చునో అంతర్జాతీయ రేడియో నిబంధనలు చాలాకాలం పాటు స్పష్టంగా నిర్దేశించాయి: సాంకేతిక ప్రయోగాలకు సంబంధించిన సంగతులు, లేదా తంతి, టెలిఫోను సేవలను వాడుకోదగినంత ప్రాముఖ్యం లేని సొంత కబుర్లు. మాట అప్రధానంగా ఉండితీరాలని చట్టమే శాసించిన రంగం మరొకటి నాకు కనిపించలేదు. మామూలు రోజుల్లో ఈ శాసనాన్ని కొందరు హ్యామ్‌లు వాతావరణం గురించీ, యాంటెన్నా ఎత్తు గురించీ ప్రస్తావించి బలహీనపరుస్తూ ఉంటారు. దానిని అక్షరాలా పాటించేది పోటీల్లో మాత్రమే.

సీక్యూ వరల్డ్ వైడ్ అనే పోటీ మన గడియారం ప్రకారం శనివారం ఉదయం 5.30కి మొదలై సోమవారం ఉదయం 5.30కి ముగుస్తుంది. ఈ 48 గంటల్లో ప్రపంచమంతటా వేలమంది ఒకరినొకరు పిలుచుకొని, తమ కాల్‌సైనూ, ‘59’ అనే అంకెనూ, తమ మండలం సంఖ్యనూ చెప్పి, ధన్యవాదమైనా సగం మింగేసి తరువాతి మనిషి దగ్గరికి వెళ్ళిపోతారు. ఈ పోటీ లెక్కలో ప్రపంచమంతా కలిపి మండలాలు 40, మనది 22. ఇక 59లో మొదటి అంకె మాట ఎంత స్పష్టంగా అర్థమవుతున్నదో 5కు, రెండవది సంకేతం ఎంత బలంగా ఉన్నదో 9కి లెక్కగట్టి చెప్పే మార్కు. అంటే అది పూర్తి మార్కు. ఎదుటివాని గొంతు తేనెటీగ రొదలో మునిగిపోయినా, సగం అక్షరాలు అంతరిక్షంలోనే రాలిపోయినా ఇవ్వవలసిన మార్కు అదే. “మీరు 59గా వినిపిస్తున్నారు, దయచేసి మీ కాల్‌సైన్ నాలుగోసారి చెప్పండి” అని బావగారు ఎంతో నిజాయితీగా అడగడం నేను చెవులారా విన్నాను. జిల్లా సమీక్షా సమావేశాల్లో ఏళ్ళ తరబడి సాధన చేసిన అధికారులు సైతం ఇంత తడబాటు లేకుండా “అంతా సవ్యం” అనలేరని నా అభిప్రాయం.

పాయింట్ల పద్ధతి మరింత ఉదాత్తమైనది. వేరే ఖండంవాడిని పలకరిస్తే 3 పాయింట్లు. మన ఖండంలోనే వేరే దేశంవాడైతే 1. సొంత దేశంవాడైతే సున్న. కాబట్టి బ్రెజిల్‌లో ముఖం తెలియని పెద్దమనిషి బావగారికి ఆత్మబంధువు, శ్రీలంకవాడు దూరపు చుట్టం, విజయనగరంలో ఉన్న తోటి హ్యామ్ మాత్రం ఫ్రీక్వెన్సీకి అడ్డం వచ్చిన అవాంతరం. దేశాలకూ మండలాలకూ విడిగా ఇచ్చే, మొత్తం పాయింట్లను హెచ్చవేసే గుణకం కోసం ఒక్కో బ్యాండులో, అంటే ఒక్కో తరంగాల శ్రేణిలో, ఒక్క భారతీయుడు అవసరమవుతాడన్న మాట నిజమే. ఆ ఒక్కడూ దొరికాక తక్కిన 140 కోట్లమందితో పని లేదు. ఇరుగుపొరుగుతో సత్సంబంధాలు కాపాడుకోవడానికి వాళ్ళతో మాట్లాడకపోవడమే ఉత్తమమని మా ఊళ్ళో చాలామందికి అనుభవపూర్వకంగా తెలుసు. దానికి పాయింట్లు కట్టి శాస్త్రం చేసిన ఘనత మాత్రం ఈ పోటీదే.

ఈ క్రీడకు అధిదైవం సూర్యుడు, అది మన జిల్లా అదృష్టం. సూర్యుని మీద మచ్చలు ఎక్కువైన కొద్దీ పై వాతావరణంలోని అయాన్ల పొర చిక్కబడి, 10 మీటర్ల బ్యాండు మీద కొద్దిపాటి శక్తితో పంపిన మాట కూడా ఖండాలు దాటుతుంది. మచ్చలు తగ్గితే ఆ బ్యాండు మూగబోతుంది. ఈ పెరుగుదలా తరుగుదలా సుమారు 11 ఏళ్ళకొక ఆవృత్తి. అరసవల్లికి జనం ఒంటిమీద మచ్చలు పోవాలని మొక్కుకోవడానికి వస్తారు. స్వామివారి ఒంటిమీదనే మచ్చలు రావాలని మొక్కుకొన్న భక్తుడు, ఆలయ చరిత్రలో మా బావగారొక్కరే అయివుంటారు.

ఇంట్లోవారి సహకారం గురించి ఎక్కువ రాయకపోవడమే మర్యాద. దీపావళి ఆ దరిదాపుల్లో పడిందంటే వీధిలోని ప్రతి సీరియల్ బల్బూ రేడియోలో గరగరమని పోరుపెడుతుంది గనుక, పండుగపూట దీపాలు ఆర్పమని ఇంటింటికీ తిరిగి బతిమాలే బాధ్యత మా అప్ప మీద పడుతుంది. పోయినసారి ఆమె నాతో అన్నది: “రెండు రేత్రులు లోకమంతటితో మాటాడినారు గదా తమ్ముడూ, ఒక్కరినైనా అన్నం తిన్నారేటి అని అడిగినారేటి?” అలా అడిగితే ఆ వ్యవధిలో ముగ్గురు జపానువాళ్ళు చేజారిపోతారని నేను సర్దిచెప్పబోయాను గాని ఆమె వినే స్థితిలో లేదు.

పోటీ ముగిసిన అయిదు రోజుల్లోగా లాగు, అంటే ఎవరెవరిని పలకరించామో రాసుకొన్న పట్టీ, నిర్వాహకులకు పంపాలి. అక్కడ కంప్యూటర్లు అందరి లాగులనూ ఒకదానితో ఒకటి సరిపోల్చుతాయి. ఒకరి కాల్‌సైన్‌లో ఒక్క అక్షరం తప్పు రాసుకొన్నా ఆ పాయింట్లు పోవడమే కాక పైన జరిమానా కూడా పడుతుంది. ఆ 59 నిజంగా 59 అవునా అని మాత్రం ఎవరూ అడగరు. పేరు తప్పితే నేరం, అబద్ధం చెబితే ఆచారం. ఇంతా చేస్తే బహుమతి ఒక ప్రశంసాపత్రం, అదీ సొంత ప్రింటరులో వేసుకోవాలి. తాను ఎంచుకొన్న వర్గంలో దేశంలోనే ప్రథముడినని బావగారు చూపిస్తే నేను హృదయపూర్వకంగా అభినందించాను. ఆ వర్గంలో మన దేశంనుంచి మరెవరైనా ఉన్నారా అని ఆరా తీసే కుసంస్కారం నాకు లేదు.

ఇంత నిష్కళంకమైన నిరర్థకతకు ఒకే ఒక్క దోషం పట్టుకున్నది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలూ కూలాయి, సెల్‌ఫోన్లూ మూగబోయాయి. అంతకుముందు 2004 డిసెంబరులో, హైదరాబాదులోని హ్యామ్ రేడియో సంస్థ బృందం అరుదైన కాల్‌సైన్‌తో ప్రపంచాన్ని పలకరిద్దామని అండమాన్ వెళ్ళి, భారతీ ప్రసాద్ ఆధ్వర్యంలో పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండగానే సునామీ వచ్చిపడితే, సరదా కట్టిపెట్టి క్షేమ సమాచారాలు చేరవేయడంలో మునిగిపోయింది. నిద్ర లేకుండా రెండు రాత్రులు కూర్చోవడం, రొదలో మునిగిన గొంతును పట్టుకోవడం, ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాసుకోవడం, తెగిన తీగను చీకట్లో ముడివేసి బ్యాటరీ మీద నడిపించడం వంటి విద్యలన్నీ ఈ పనికిమాలిన పోటీల్లోనే చేతికి వస్తాయని విన్నప్పుడు నాకు కలిగిన విచారం ఇంతింత కాదు. అటువంటి రాత్రి అవతలివాడు ఏ ఊరో, అక్కడ ఎంతమంది ఉన్నారో, తిన్నారో లేదో కూడా బావగారే అడగవలసి వస్తుంది. అంటే మాటలో విషయం చొరబడుతుంది. విపత్తు వేళల్లో ఇతరుల కబుర్లు చేరవేయడానికి నిబంధనలు సైతం మినహాయింపు ఇచ్చి ఈ పతనాన్ని బాహాటంగా ప్రోత్సహిస్తున్నాయి.